నా అనుభవం: ఒక గొంతు, రెండు స్పీకర్లు

ప్రయోగాత్మక గాత్రం అనగానే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ వింత శబ్దాలు ఎలా తీస్తారు? తీయడంలో అంత కష్టం లేదు, చంటిపిల్లలు రోజంతా తీస్తూనే ఉంటారు. రిహార్సల్లో దొరికిన శబ్దం కచేరీ రోజున అదే శ్రుతిలో, అదే బలంతో, అనుకున్న చోటనే మళ్ళీ దొరకాలి. పైగా మర్నాడు మామూలుగా మాట్లాడే గొంతు మిగిలి ఉండాలి. సాధనంతా ఈ రెండింటి కోసమే. కర్ణాటక సంగీతంలో పెరిగిన గొంతుతో, అమెరికన్ గాయని, స్వరకర్త జోన్ లా బార్బరా రచనలు రెండూ, ఆమె కోసం మరో అమెరికన్ స్వరకర్త మార్టన్ ఫెల్డ్‌మన్ రాసిన 'త్రీ వాయిసెస్' కలిపి ఒక సోలో కచేరీ ఎలా కట్టానో ఇక్కడ రాస్తున్నాను. నా కథ చెప్పను, పని చెప్తాను.

కచేరీ క్రమం ఇది. మొదటి సగంలో 'వాయిస్ పీస్: వన్ నోట్ ఇంటర్నల్ రెసొనెన్స్ ఇన్వెస్టిగేషన్' (1974), 'సర్క్యులర్ సాంగ్' (1975). విరామం. రెండో సగమంతా 'త్రీ వాయిసెస్' (1982). క్రమం తిప్పకూడదు, విరామం తీసేయకూడదు. ఊపిరి లోపలికి పీలుస్తూ పాడే 'సర్క్యులర్ సాంగ్' గొంతును ఎండగొడుతుంది కనుక, దాని వెంటనే అతి మెల్లగా పాడాల్సిన ఫెల్డ్‌మన్‌ను పెడితే మొదటి పేజీలోనే స్వరం చీలుతుంది. విరామం కనీసం 20 నిమిషాలు ఉండాలి, ఆ 20 నిమిషాలూ ఎవరితోనూ మాట్లాడకూడదు. అభిమానులు కాఫీ పట్టుకుని వస్తారు. తలుపు దగ్గర ఎవరినైనా నిలబెట్టుకోండి.

సాధన క్రమాన్ని లా బార్బరా వృత్తి జీవితం నుంచే తీసుకున్నాను. 1947లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. సిరక్యూస్‌లో హెలెన్ బోట్‌రైట్ దగ్గర, టాంగిల్‌వుడ్‌లో ఫిలిస్ కర్టిన్ దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ గాత్రం పద్ధతిగా నేర్చుకున్నారు. 1971లో న్యూయార్క్‌లో స్వరకర్త స్టీవ్ రైక్ బృందంలో, 1973 నుంచి 1976 దాకా మరో స్వరకర్త ఫిలిప్ గ్లాస్ బృందంలో పాడారు. సొంత రచనలు ఆ బృందాల్లో ఉండగానే మొదలయ్యాయి. 1976లో మొదటి ఆల్బమ్‌ను సొంత లేబుల్ 'విజార్డ్ రికార్డ్స్' మీద విడుదల చేశారు. ఇందులో గమనించాల్సింది వరస: ముందు పునాది ఉన్న గొంతు, తర్వాత వేరొకరి బృందంలో కొలత తప్పని పని, ఆ తర్వాతే సొంత శోధన. మన దగ్గర ఈ రంగంలోకి వచ్చే పిల్లలు చాలామంది మూడోదానితో మొదలుపెట్టి ఆర్నెల్లలో గొంతు పాడుచేసుకుంటున్నారు.

అందుకని సాధన రైక్ 'డ్రమ్మింగ్' (1971) తోనే మొదలుపెట్టాలంటాను. కచేరీలో పాడక్కర్లేదు, అభ్యాసానికి చాలు. అందులో మారింబాలన్నీ (చెక్క పలకలను కొట్టి వాయించే వాయిద్యాలు) ఒకే నమూనాను వాయిస్తాయి, కాకపోతే ఒకదానికొకటి కొద్దికొద్దిగా జరుగుతూ పోతాయి. ఆ జరుగుడులో ఎవరూ విడిగా వాయించని కొత్త నమూనాలు చెవికి వినబడతాయి. గాయనులు వాటిని పట్టుకుని, మారింబా శబ్దంలో కలిసిపోయేలా పొట్టి అక్షరాలతో పాడుతూ మెల్లగా పైకి తేలి మళ్ళీ మెల్లగా మునిగిపోవాలి. మారింబా లూప్ ఒకటి పెట్టుకుని, మైకుకు రెండు మూడు అంగుళాల దూరంలో పాడి రికార్డు చేయండి. తిరిగి విన్నప్పుడు గొంతు ఎక్కడ మొదలైందో మీకే తెలియకపోతే అభ్యాసం కుదిరినట్టు. నోటితో జతులు పలికే కొన్నకోల్ అలవాటున్నవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. తకిట, తకధిమి అనేటప్పుడు మొదటి అక్షరం మీద వేసే బరువు మారింబాను కప్పేస్తుంది. నాలుక పళ్ళకు తగిలీ తగలనట్టు ఉండాలి. బరువు ఏ అక్షరం మీదా వేయకూడదు.

ఇక 'వన్ నోట్'. రచనంతా ఒకే స్వరం. దాని శ్రుతి మారదు, అది మోగే చోటు మారుతూ ఉంటుంది: ఛాతీ, అంగిలి, ముక్కు, నుదురు, మెడ వెనక. ఇవన్నీ పాడేవాళ్ళకు తెలిసే స్పర్శలు. నిజానికి కదిలేవి నాలుక ఎత్తు, మెత్తని అంగిలి, పెదవులు, స్వరపేటిక ఎత్తు. వీటిని బట్టి నోటి గుహ ఆకారం మారుతుంది, ఆకారం మారితే స్వరంలోని ఉపస్వరాల్లో, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాల్లో, వేర్వేరువి పైకి తేలతాయి.

స్త్రీ గొంతుకు 220 నుంచి 262 హెర్ట్జ్ మధ్య ఒక స్వరం ఎంచుకోండి, మీరు మామూలుగా మాట్లాడే స్థాయికి కాస్త పైన. అయిదున్నర శ్రుతిలో పాడేవాళ్ళకు షడ్జం 208 దగ్గర ఉంటుంది కనుక, షడ్జాన్నే పట్టుకోవాలన్న ఆశ పుడుతుంది. వద్దు. షడ్జం మీద గొంతు ఏళ్ళ తరబడి పేరుకున్న ఒకే రంగుకు వెళ్ళిపోతుంది. ఏ రాగపు అలవాటూ అంటని స్వరం మేలు. ఆధారానికి తంబురా యాప్ కూడా పనికిరాదు. తంబురా తీగల కింది దారం వల్ల వచ్చే జీవాళి నిండా ఉపస్వరాలే, మీ గొంతులో ఏది తేలుతోందో ఆ రొదలో తెలియదు. ఉపస్వరాలే లేని ఒంటి స్వరం, సైన్ వేవ్ పెట్టుకుని, వినబడీ వినబడనంత తగ్గించి, ఒక చెవిలో పెట్టుకోండి.

మొదటి మెట్టు: ఊ, ఓ, ఆ, ఏ, ఈ అచ్చులను ఒకే ఊపిరిలో 12 సెకన్లలో, మధ్యలో గీత కనబడకుండా కలుపుకుంటూ వెళ్ళడం. రెండో మెట్టు: అదే పని 20 సెకన్లలో. మూడో మెట్టు: పెదవులను 'ఊ' దగ్గరే బిగించి, నాలుకతో మాత్రమే ఆ ప్రయాణం చేయడం. ఇక్కడ ఈల లాంటి సన్నటి ఉపస్వరం విడిగా వినబడటం మొదలవుతుంది. 220 హెర్ట్జ్ స్వరం మీద నాలుగో ఉపస్వరం 880 దగ్గర, పదోది 2200 దగ్గర ఉంటుంది. ఈ రెంటి మధ్య ఒక్కో మెట్టూ విడిగా పట్టుబడేదాకా కదలకండి. ఫోన్లో స్పెక్ట్రమ్, అంటే ఉపస్వరాలను విడివిడి గీతలుగా చూపించే యాప్ ఏదైనా చాలు, ఏ గీత లావెక్కుతోందో కంటికి కనబడుతుంది.

తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. 'ఊ' వైపు వెళ్ళేటప్పుడు స్వరపేటిక దిగి శ్రుతి కిందికి జారుతుంది, 'ఈ' వైపు వెళ్ళేటప్పుడు పైకి పోతుంది. ట్యూనర్ ముందు పెట్టుకుంటే అర్ధస్వరంలో పదో వంతు తేడా సులభంగా కనబడుతుంది. అంతకు లోపల నిలపాలి. రెండోది మనవాళ్ళ ప్రత్యేకం: స్వరం ముగిసేటప్పుడు గొంతు తనంతట తాను చిన్న కంపితం వేస్తుంది. పాడేవాళ్ళకు తెలియదు, రికార్డింగులో చక్కగా వినబడుతుంది. స్వరాన్ని ఊపిరితో ఆపకుండా, నోరు మెల్లగా మూస్తూ 'మ్' లోకి పంపి ఆపితే ఆ కంపితం పోతుంది.

ఒకే గొంతులో రెండు స్వరాలు తీయడం తర్వాతి పని. అందులో భద్రమైన రకం ఇది: స్వరతంతువులకు కాస్త పైన ఇంకో జత మడతలు ఉంటాయి. వాటిని దగ్గరికి తెస్తే అవి స్వరతంతువుల వేగంలో సగం వేగంతో కొట్టుకుంటాయి. అప్పుడు మీరు 220 పాడుతుంటే 110 కూడా, అంటే కింది స్థాయి స్వరం కూడా వినబడుతుంది. టిబెట్ భిక్షువుల మంత్రపఠనంలో వినబడే లోతు ఇదే. బరువు ఎత్తేటప్పుడు గొంతులో పుట్టే మూలుగును అతి మెల్లగా పట్టుకుని, దాని మీద స్వరం పెట్టాలి. అందరూ చేసే తప్పు గాలి ఎక్కువ తోయడం. గాలి తగ్గించాలి, మామూలుగా పాడేదాని కన్నా తక్కువ చాలు. గొంతులో దురద, దగ్గు వస్తే ఆపాలి. నొప్పి వస్తే ఆ రోజుకి ఇక ముట్టుకోకూడదు. సరిగ్గా చేస్తే ఆపిన వెంటనే ఒక సన్నటి 'ఊ' తారస్థాయిలో శుభ్రంగా పలుకుతుంది. రోజూ ఈ పరీక్ష పెట్టుకోండి. ఆ 'ఊ' గాలి కలిసి వచ్చినా, మొదలవడానికి తడబడినా ఎక్కువ చేశారన్నమాట. ఈ రకం మొత్తం రోజుకు 10 నిమిషాలు దాటనివ్వను, అదీ రెండు విడతలుగా.

'సర్క్యులర్ సాంగ్' ఊపిరికి సంబంధించిన రచన. గాలి వాయిద్యాల వాళ్ళు బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ, ధార తెగకుండా వాయిస్తారు. మన నాదస్వరం వాళ్ళకు తెలిసిన విద్యే. గొంతుతో ఆ పని కుదరదు. లా బార్బరా దానికి వేరే దారి పట్టారు: ఊపిరి వదులుతూ పాడటం, పీలుస్తూ కూడా పాడటం. స్వరం జారుతూ ఒక వైపు వదిలే ఊపిరి మీద, ఇంకో వైపు పీల్చే ఊపిరి మీద తిరుగుతుంది. మొదట పొడుగాటి జారుళ్ళు. పోనుపోను ఒకే జారుడు మధ్యలో ఊపిరి దిశ మారుతూ ముక్కలవుతుంది, ముక్కలు చిన్నవవుతాయి, ఆపైన వచ్చిన దారినే వెనక్కి విప్పుకుంటూ వెళుతుంది. రాతప్రతి స్వరాల వరసగా ఉండదు, బొమ్మగా ఉంటుంది.

పీలుస్తూ పాడటం మొదటిసారి ఎవరికీ రాదు. పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తూ ఊపిరి లాక్కునేటప్పుడు 'హీ' అని ఒక శబ్దం వస్తుంది. అక్కడ మొదలుపెట్టాలి. నోరు సగం తెరిచి, భుజాలు లేవకుండా, నెమ్మదిగా పీలుస్తూ ఆ 'హీ' ని రెండు సెకన్లు నిలపండి. శ్రుతి మీరనుకున్నదాని కంటే పైన పడుతుంది. అది మామూలే. స్వరతంతువుల అంచు కింది నుంచి వచ్చే గాలికి అనువుగా ఉంటుంది. గాలి పైనుంచి వస్తే అంచు అంత మెత్తగా అలలెత్తదు, సన్నటి గొంతే పలుకుతుంది. కింది స్వరాలు రావడానికి వారాలు పడుతుంది.

పీల్చే గాలి పొడిగా ఉంటుంది, అదీ తంతువుల మీదుగానే పోతుంది. మొదటి వారం ఒక్కోసారికి రెండు నిమిషాలు చాలు. తర్వాత కూడా రోజు మొత్తానికి 10 నిమిషాలే. మధ్యలో నీళ్ళు తాగితే నోరు తడుస్తుంది గానీ ఆ నీళ్ళు అన్నవాహికలో పోతాయి, తంతువుల మీద చుక్క కూడా పడదు. ఒంట్లోకి నీరు చేరి అక్కడికి రావడానికి గంటలు కావాలి. అందుకే కచేరీ రోజు పొద్దుటి నుంచే తాగుతూ ఉండాలి. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది: మామూలు వేడినీళ్ళ ఆవిరి 5 నుంచి 10 నిమిషాలు, పాడటానికి గంట ముందు. అందులో బామ్, మెంథాల్ వేయొద్దు. హాయిగా ఉన్నట్టనిపిస్తుంది గానీ ఎండబెడుతుంది.

ఈ రచనలో అసలు కష్టం అతుకు దగ్గర. ఊపిరి దిశ మారే క్షణంలో గొంతు మూసుకుంటే 'క్' అని చప్పుడొస్తుంది, తెరుచుకుంటే గాలి చప్పుడొస్తుంది. మూయకుండా, తెరవకుండా, తంతువులు పక్కపక్కనే ఉండగా పొట్ట కండరం మాత్రం దిశ మార్చాలి. ఒక చేయి పొట్ట మీద, రెండో చేతి వేలు గొంతుముడి మీద పెట్టుకుని చేయండి. పొట్ట కదలాలి, వేలి కింద ముడి ఎగరకూడదు. ఇంకో మాట, ఎడాపెడా ఊపిరి తిప్పుతుంటే తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోవడమే కారణం. పీల్చే గాలి పరిమాణం తగ్గించాలి. నిండా పీల్చనక్కర్లేదు, మామూలు మాటకు పీల్చినంత చాలు. మొదటి నెల కుర్చీలో కూర్చునే చేయండి.

ఇదే కాలానికి చెందిన 'హియర్ వాట్ ఐ ఫీల్' (1974) ను నేను కచేరీలో పెట్టలేదు గానీ సాధనలో వాడతాను. లా బార్బరా అందులో కళ్ళకు టేపు వేసుకుని, చేతులతో దేన్నీ ముట్టకుండా గంట సేపు ఒంటరిగా ఉండి, తర్వాత వేదిక మీదికి వచ్చి గిన్నెల్లో ఉన్న తెలియని పదార్థాలను తాకుతూ, ఆ స్పర్శకు గొంతుతో బదులిచ్చారు. మీరు చేసేట్టయితే గిన్నెలు వేరొకరు సర్దాలి, మీకు పడని వస్తువుల జాబితా వాళ్ళకు ముందే ఇవ్వాలి. కళ్ళ మీద దూది పెట్టి, ఆసుపత్రుల్లో వాడే కాగితపు టేపే వేయాలి. కాంటాక్ట్ లెన్సులుంటే ముందు తీసేయాలి. సెషన్ అంతా రికార్డు చేయండి. తర్వాత కూర్చుని విని, ఏ శబ్దం మళ్ళీ కావాలో దానికి గుర్తు రాసుకోండి.

గుర్తులంటే, మన స్వరలిపి ఇక్కడ చాలదు. అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి ఉన్న గ్రాఫు కాగితం మీద గీస్తాను, 1 సెంటీమీటరుకు 2 సెకన్లు. వదిలే ఊపిరికి నల్ల గీత, పీల్చే ఊపిరికి ఎర్ర గీత, రెండు స్వరాలకు జంట గీత, గొంతు కరకరకు చుక్కలు. ప్రతి శబ్దానికీ పక్కన ఒక మాట, ఎలా వినబడుతుందని కాదు, ఎలా చేయాలని: 'నాలుక వెనక్కి', 'గాలి తక్కువ', 'దవడ వదులు'. ఎలా వినబడుతుందో రాసుకుంటే నెల తర్వాత అది చూసి మళ్ళీ తీయలేరు.

ఇప్పుడు 'త్రీ వాయిసెస్'. ఫెల్డ్‌మన్ దీన్ని 1982లో లా బార్బరా కోసం రాశారు. మూడు గొంతులూ ఒకే గాయనివి. రెండు ముందే రికార్డు చేసి రెండు స్పీకర్ల నుంచి వినిపిస్తారు, మూడోది వేదిక మీద పాడతారు. ఆయన మిత్రుల్లో కవి ఫ్రాంక్ ఒహారా 1966లో, చిత్రకారుడు ఫిలిప్ గస్టన్ 1980లో పోయారు. వేదిక మీద నిలబడ్డ రెండు స్పీకర్లు ఫెల్డ్‌మన్ కంటికి సమాధి రాళ్ళలా కనబడ్డాయి. ఎక్కువ భాగం మాటల్లేకుండానే సాగుతుంది. వచ్చే కొద్ది మాటలూ ఒహారా కవితలోవి. పాడే వేగాన్ని బట్టి 50 నిమిషాల నుంచి గంటకు పైగా నడుస్తుంది, అంతా అతి మెల్లగా. రాతప్రతి యూనివర్సల్ ఎడిషన్ వాళ్ళది. ప్రదర్శన హక్కు విడిగా తీసుకోవాలి, రికార్డు చేసి విడుదల చేయాలంటే అది మరో హక్కు. కచేరీకి మూడు నాలుగు నెలల ముందే ఉత్తరప్రత్యుత్తరాలు మొదలుపెట్టండి.

మూడు గొంతులూ దాదాపు ఒకే స్థాయిలో, తరచు అర్ధస్వరం దూరంలో ఒరుసుకుంటూ నడుస్తాయి. 262, 277 హెర్ట్జ్ స్వరాలు కలిసి మోగితే సెకనుకు 15 సార్లు కొట్టుకుంటున్నట్టు గరగర వినబడుతుంది. ఆ గరగర కావాలి. గొంతు మాత్రం దాన్ని తప్పించుకుని పక్క స్వరంలో కలిసిపోవాలని చూస్తుంది. కర్ణాటక గొంతు మరీను, శుద్ధ రిషభాన్ని షడ్జం వైపు వంచి పాడటం దాని పెంపకం. ఇక్కడ వంపు పనికిరాదు. పియానో శ్రుతి, ఏ గమకమూ లేని గీత కావాలి. పరీక్ష సులభం: ఒక స్వరాన్ని సైన్ వేవ్‌గా పెట్టుకుని అర్ధస్వరం పైన పాడండి. గరగర నెమ్మదించి, ఊగిసలాటలా మారితే మీరు దిగిపోతున్నారు.

రికార్డింగ్ వివరంగా చెప్తాను, కచేరీ బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. గొంతు అతి మెల్లగా ఉంటుంది కనుక మైకు సొంత రొద తక్కువ ఉండాలి. నాయిస్ రేటింగ్ 7 డెసిబెల్స్ దాటని పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకు వాడండి. న్యూమన్ టీఎల్ఎమ్ 103, రోడ్ ఎన్‌టీ1 ఈ కోవలోవి. దూరం 25 సెంటీమీటర్లు, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు. 10 సెంటీమీటర్ల లోపలికి వస్తే మంద్రం ఉబ్బుతుంది. అప్పుడు స్పీకర్లలోని గొంతు వేదిక మీది గొంతు కన్నా లావుగా వినబడి ముగ్గురు వేర్వేరు మనుషులవుతారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి, శబ్దం శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినట్టు తలుపుకు చీటీ అంటించుకోండి, లేకపోతే మర్నాటికి పాలు విరుగుతాయి. గది ప్రతిధ్వని రికార్డింగులోకి రాకూడదు. హాలు తన ప్రతిధ్వని తానే ఇస్తుంది, రెండూ కలిస్తే స్పీకరు గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. మైకుకు ఎదురుగా, మీ వెనక, రెండు పక్కలా మందపాటి దుప్పట్లు వేలాడదీస్తే చాలు.

చెవిలో లయ కొలతగా టిక్ టిక్ మనే క్లిక్ ట్రాక్ లేకుండా మూడు గొంతులూ కలవవు. మామూలు 'టిక్' కాకుండా కీచుమనే బీప్ పెడితే అది ఒక స్వరమై మీ శ్రుతిని లాగుతుంది. చెక్కను చెక్కతో కొట్టినట్టుండే, శ్రుతి తెలియని శబ్దం పెట్టండి. తలకు పెట్టుకునే హెడ్‌ఫోన్ల నుంచి క్లిక్ కారి మైకులో పడుతుంది. పెద్దగా పాడే రచనల్లో అది తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. చెవిలో దూరే ఇయర్‌ఫోన్లు, అదీ తక్కువ వాల్యూమ్‌లో. ఇంకొక సంగతి, ఒకే చిన్న నమూనా కొద్దికొద్ది మార్పులతో పదేపదే రావడం వల్ల ఎక్కడున్నామో తెలియకుండా పోతుంది. అందుకని క్లిక్ ట్రాకులో ప్రతి పేజీ మొదలయ్యే ముందు నా గొంతుతోనే 'పేజీ పన్నెండు, మూడు, నాలుగు' అని పలికి పెట్టుకున్నాను. ఈ చిన్న పని దాదాపు ఒక పూట తినేస్తుంది, కచేరీలో అదే కాపాడుతుంది.

మొదటి గొంతు అంతా ఒకేసారి, తర్వాత రెండో గొంతు అంతా అని రికార్డు చేయకండి. పొద్దున ఉన్న గొంతు సాయంత్రానికి ఉండదు, సోమవారం గొంతు గురువారానికి ఉండదు. రచనను నాలుగైదు నిమిషాల భాగాలుగా కోసి, ఒక్కో భాగానికి రెండు గొంతులూ వెంటవెంటనే పాడండి. రోజూ ఒకే వేళకు మొదలుపెట్టండి. లేచిన మొదటి గంటల్లో గొంతు బరువుగా ఉంటుంది కనుక నేను పదకొండింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తాను. భాగాలను ఊపిరి దగ్గరే అతకాలి, స్వరం మధ్యలో కాదు. అతుకు 20 నుంచి 50 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్, అంటే ఒకటి తగ్గుతుండగా రెండోది పెరగడం.

రికార్డయిన గొంతుల్లో ఊపిరి చప్పుడు ఉంచాలా, తీసేయాలా అన్నదాని మీద గాయనులు ఏకీభవించరు. తీసేస్తే స్పీకర్లు నిజంగానే ఊపిరి లేని మనుషులవుతాయి, ఫెల్డ్‌మన్ తలపుకు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. వినడానికి మాత్రం అవి కీబోర్డులా మారతాయి, వేదిక మీది మనిషి ఊపిరి ఒక్కటే తప్పులా వినబడుతుంది. నేను తీయను, 6 డెసిబెల్స్ తగ్గించి వదిలేస్తాను.

హాలు విషయానికొస్తే, మనకు మొదటి శత్రువు ఏసీ. హైదరాబాదులో చాలా హాళ్ళు ఫ్యాషన్ షోలకూ సన్మాన సభలకూ అలవాటుపడినవి. 'ఏసీ ఆపాలి' అంటే నిర్వాహకులు విస్తుపోతారు. హాలును రెండు గంటల ముందే బాగా చల్లబరిచి, రెండో సగం మొదలయ్యేటప్పుడు ఆపేయమని ముందే రాతపూర్వకంగా అడగండి. జనరేటర్ ఏ గోడ వెనక ఉందో కూడా చూసుకోండి. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ స్పీకర్లు ఆగుతాయి. రెండు స్పీకర్లకూ, లాప్‌టాప్ శబ్దాన్ని వాటికి పంపే ఇంటర్‌ఫేస్‌కూ చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఆ భయం లేదు.

స్పీకర్లు రెండూ వేదిక మీదే, గాయనికి రెండు పక్కలా, రెండు రెండున్నర మీటర్ల దూరంలో, నోటి ఎత్తులో, ముఖాలు ప్రేక్షకుల వైపు. హాలువాళ్ళ పెద్ద స్పీకర్లలో పంపకూడదు. అలా పంపితే గొంతు నెత్తి మీద నుంచి పడుతుంది, మనిషి పక్కన మనిషి నిలబడ్డట్టుండదు. లాప్‌టాప్ నుంచి కనీసం మూడు విడి అవుట్‌పుట్లు కావాలి: మొదటి గొంతు, రెండో గొంతు, క్లిక్. సౌండ్ చూసే ఆయన అలవాటు కొద్దీ రెండింటినీ కలిపి రెండు స్పీకర్లలోనూ వదులుతాడు. సౌండ్‌చెక్‌లో మొదటి గొంతు ఒక్కటే పెట్టి రెండో స్పీకరుకు చెవి ఆనించండి, అందులో ఏమీ వినబడకూడదు. నోటిఫికేషన్లు ఆపి, వైఫై తీసేసి, స్క్రీన్ ఆరిపోకుండా పెట్టండి. ఇదే ఫైలు ఇంకో యంత్రంలో కూడా సిద్ధంగా ఉండాలి.

వేదిక మీది గొంతుకు మైకు పెట్టాలా? చిన్న గదిలో అక్కర్లేదు. 100 మందికి మించిన హాలులో పెడతాను, గొంతు పెంచడానికి కాదు, మూడింటి రంగు కలపడానికి. రికార్డింగుకు వాడిన రకం మైకే, అదే 25 సెంటీమీటర్లు. దాని శబ్దం గాయని వెనక పెట్టిన ఒక చిన్న స్పీకరుకు. చిక్కేమిటంటే పక్క స్పీకర్ల గొంతులు కూడా ఈ మైకులో పడి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా మళ్ళీ బయటికొస్తాయి. రెండున్నర మీటర్లకు దాదాపు 7 మిల్లీసెకన్లు. అప్పుడు శబ్దం డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది. పక్క స్పీకర్లను మైకు వెనక వైపుకు పడేలా ఇంకాస్త ముందుకు జరిపితే చాలామటుకు పోతుంది. ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకు వెనక వైపు దాదాపు చెవిటిది. మిగిలినది పోవాలంటే వేదిక మీది గొంతు స్థాయి తగ్గించడమే.

స్థాయిలు సరిచూడటానికి అయిదో వరసలో కూర్చుని ఒక్కో గొంతును విడిగా వినాలి. మీరు వేదిక మీద ఉంటారు కనుక, చెవి ఉన్న ఒక మనిషి అక్కడ కావాలి. ఫోన్లో డెసిబెల్ మీటరు పెట్టుకుని మూడూ ఒకే అంకె చూపేలా సరిచేశాక, కళ్ళు మూసుకోమని చెప్పి ఏది మనిషి, ఏది స్పీకరు అని అడగండి. వెంటనే చెప్పగలిగితే ఇంకా పని ఉంది. చాలాసార్లు తేడా 3 వేల హెర్ట్జ్ పైన ఉంటుంది. స్పీకర్లు అక్కడ కాస్త మెరుస్తాయి, 2 డెసిబెల్స్ తగ్గిస్తే కలుస్తాయి. ప్రేక్షకులు నిండాక హాలు ఆ మెరుపును తానే మింగుతుంది, అందుకని ఖాళీ హాలులో మరీ తగ్గించకండి.

బతుకుతెరువు మాట రెండు ముక్కల్లో. ఈ కచేరీలతో ఇల్లు గడవదు. లా బార్బరా కూడా పాటతో పాటు పాఠాలు చెప్పారు, సంగీత సమీక్షలు రాశారు, పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' కు 1977లో 'సైనింగ్ ఆల్ఫబెట్' అనే గొంతు, ఎలక్ట్రానిక్స్ రచన చేశారు, ఇతర స్వరకర్తల రచనలకు తొలి గాయని అయ్యారు. అన్నిటికన్నా చివరిది ముఖ్యం. స్వరకర్తలు మీ గొంతు కోసం రాయాలంటే మీ గొంతు ఏమేం చేయగలదో వాళ్ళకు తెలియాలి. శబ్దానికి 20 సెకన్ల చొప్పున ఒక రికార్డింగ్ తయారుచేసుకోండి. ప్రతిదాని పక్కన కింది శ్రుతి, పై శ్రుతి, ఎంతసేపు నిలపగలరు, వరసగా ఎన్నిసార్లు తీయగలరు, తర్వాత ఎంత విశ్రాంతి కావాలి అని రాయండి. విశ్రాంతి గడి ఖాళీగా వదిలితే పీల్చే స్వరాలు ఏకబిగిన ఆరు నిమిషాలు రాసి పంపేవాళ్ళుంటారు.

ఏడాదికొకసారి చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర స్వరతంతువుల కదలికను చూపే స్ట్రోబోస్కోపీ పరీక్ష చేయించుకుని ఆ వీడియో దాచుకోండి. గొంతు బాగున్నప్పటి వీడియో ఉంటేనే తేడా వచ్చినప్పుడు పోల్చడానికి వీలవుతుంది. బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఆగకుండా వెళ్ళాలి. 'త్రీ వాయిసెస్' ట్రాకులను మాత్రం రెండేళ్ళకు మించి వాడను. గొంతు వయసుతో పాటు దిగుతుంది, స్పీకర్లలోది దిగదు. అర్ధస్వరాల గరగరలో ఆ తేడా ముందు పాడేవాళ్ళకే తెలుస్తుంది. పాత ఫైళ్ళు చెరపకుండా తేదీ, మైకు, దూరం, గది పేరు రాసి రెండు చోట్ల దాచి, కొత్తవి మొదటి పేజీ నుంచి మళ్ళీ పాడతాను.